నైట్రేట్‌లో నైట్రోజన్‌కు రెండు డబుల్ బాండ్లు పెడితే తప్పేంటి?

హన్మకొండ ఎంపీసీ ఫస్టియర్:
నిన్న స్లిప్ టెస్టులో నైట్రేట్ అయాన్‌కు (NO₃⁻) రెజొనెన్స్ నిర్మాణాలు, అంటే పరమాణువులు కదలకుండా ఎలక్ట్రాన్ల అమరిక మాత్రమే మారే బొమ్మలు, గీయమన్నారు. నైట్రోజన్‌కు రెండు ఆక్సిజన్లతో డబుల్ బాండ్, మూడోదానితో సింగిల్ బాండ్ వేశాను. బయటి కక్ష్యల ఎలక్ట్రాన్లు 24 సరిపోయాయి. ఫార్మల్ చార్జీల (బాండ్ ఎలక్ట్రాన్లను చెరిసగం పంచితే ఒక్కో పరమాణువుకు లెక్కలో వచ్చే చార్జీల) మొత్తం కూడా −1 వచ్చింది. అయినా సార్ అడ్డంగా గీత కొట్టి సున్నా వేశారు. రాత్రి ఎంతసేపు చూసినా తప్పు దొరకలేదు.

కాజీపేట రిటైర్డ్ లెక్చరర్:
బిడ్డా, లెక్క బాగానే చేశావు. నైట్రోజన్‌వి 5, ఆక్సిజన్లవి 18, మైనస్ చార్జికి 1. ఆ ఒకటి మరిచిపోయి 23 దగ్గర ఆగేవాళ్లే ఎక్కువ. ఇప్పుడు నైట్రోజన్ చుట్టూ ఉన్నవి మాత్రమే ఎంచు. డబుల్ బాండ్లలో 8, సింగిల్‌లో 2, మొత్తం పది. నైట్రోజన్ రెండో పీరియడ్‌ది. దానికి ఒక 2ఎస్, మూడు 2పి, నాలుగే ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు). ఒక్కోదానిలో రెండే కాబట్టి ఎనిమిదికి మించి పట్టవు.

నా క్లాసులో పరమాణువులు బాల్‌పెన్నుతో, ఎలక్ట్రాన్లు పెన్సిలుతో వేయించేదాన్ని. మూడు సింగిల్ బాండ్లకు 6 పోతే మిగిలిన 18 ఆక్సిజన్లకు ఆరేసి పంచు. నైట్రోజన్‌కు రెండు తక్కువ పడతాయి. ఒక ఆక్సిజన్ మీది లోన్ పెయిర్‌ను (బాండ్‌లో లేని ఎలక్ట్రాన్ల జంటను) రబ్బరుతో చెరిపి బాండ్‌గా వేయి. అది మూడింటిలో ఏ ఆక్సిజనైనా కావచ్చు, అందుకే మూడు నిర్మాణాలు. పెన్నుతో వేసింది మాత్రం జరగకూడదు, జరిగితే అది వేరే పదార్థం.

ఇలా గీస్తే నైట్రోజన్ మీద +1, సింగిల్ బాండ్ ఆక్సిజన్ల మీద −1 చొప్పున వస్తాయి. ఆ +1ని పోగొట్టాలనే నువ్వు రెండో డబుల్ బాండ్ వేసి ఉంటావు. ఆ +1ని అలాగే ఉండనివ్వు.

వరంగల్ ట్యూషన్ అన్న:
ఆ మూడు నిర్మాణాల మధ్య రెండు వైపులా మొనలున్న ఒకే బాణం వేయి తమ్ముడూ. సమతాస్థితి బాణాలు వేస్తే అయాన్ ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతోందని అర్థం. అలా మారదు. ఓజోన్ (O₃) చూడు, బొమ్మలో ఒకటి సింగిల్, ఒకటి డబుల్. సింగిల్ బాండ్ పొడవు 148, డబుల్ బాండ్‌ది 121 పికోమీటర్లు ఉండాలి కదా, కొలిస్తే రెండు బాండ్లూ 128 ఉన్నాయి. అంటే అసలు అణువు ఏ ఒక్క బొమ్మా కాదు, వాటి మధ్యస్థ రూపం.

హన్మకొండ ఎంపీసీ ఫస్టియర్:
నిజమే మేడమ్, +1 చూసి టెన్షన్ పడే అలా వేశాను. ఇప్పుడు పెన్సిలుతో నైట్రైట్ (NO₂⁻) గీశాను. 18 ఎలక్ట్రాన్లు, నైట్రోజన్ మీద ఒక లోన్ పెయిర్, రెండు నిర్మాణాలు. సరేనా?

కాజీపేట రిటైర్డ్ లెక్చరర్:
సరిగ్గా గీశావు బిడ్డా. చార్జీలు కూడా వేసి చూడు, ఈసారి నైట్రోజన్ మీద సున్నా రావాలి.