డెస్క్‌టాప్ మీద తేదీయా, తారీఖా?

మిత్రులకు నమస్కారం. విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ పని చేస్తాను. మొన్న మా అమ్మాయి నా కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ఆ రోజు తేదీ పెద్ద అక్షరాల్లో కనపడేలా పెట్టింది. పైన ఏం రాయమంటావని అడిగితే ‘నేటి తేదీ’ అన్నాను. "ఇంట్లో తారీఖు అంటావు కదా నాన్నా" అంది.

నిజమే. జీతం ఒకటో తారీఖున వస్తుంది, అద్దె ఐదో తారీఖులోపు కట్టాలి. నోట్లో ఎప్పుడూ తారీఖే. అరబ్బీ మాట, పారశీకం, ఉర్దూల మీదుగా మన ఇంటికొచ్చింది. ‘తేదీ’కి మూలం ‘తిథి’ అంటారు. అయినా ఇప్పుడు రెండింటి అర్థం ఒకటి కాదు. సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అందుకు ఒకసారి 19 గంటలే పట్టొచ్చు, ఒకసారి 26 దాకా పట్టొచ్చు. తేదీ అర్ధరాత్రే మారుతుంది, తిథి మిట్టమధ్యాహ్నమైనా మారుతుంది. అందుకే శుభలేఖలో రెండూ వేస్తాం: 2025 జూన్ 5 గురువారం, జ్యేష్ఠ శుద్ధ దశమి.

అంకెలతోనే నాకు భయం. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే అదే రోజును 6/5/2025 అని చూపిస్తుంది. మనం మే 6 అని చదువుకుంటాం. ఒక శుభలేఖ ప్రూఫ్‌లో నాకిలాగే జరిగింది. పెళ్లికూతురి మేనమామ చూసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. విండోస్‌లో రీజియన్ తెలుగుకు మారిస్తే 05-06-25 అని రోజు ముందొస్తుంది. అదీ చాలదు, నెల పేరు ఉండాలి. తేదీ ఫార్మాట్‌లో పెద్ద ‘ఎం’ నాలుగుసార్లు కొడితే నెల పేరు, చిన్న ‘డి’ నాలుగుసార్లు కొడితే వారం పేరు పూర్తిగా వస్తాయి.

ఇంతకీ పైన ఏం రాయాలి?

*గుంటూరు నుంచి ఒక టీచర్ గారు:* మేం బోర్డు మీద ‘తేది’ అని హ్రస్వంతో రాస్తామండీ. అది తప్పా?

*నా జవాబు:* తప్పనలేనండీ, ఫారాల్లో రెండూ కనిపిస్తాయి. నేను మాత్రం దీర్ఘమే రాస్తాను. ‘ఐదో తేదీన’ అనేటప్పుడు నోరు సాగదీస్తుంది కదా.

*తెనాలి నుంచి ఒక పెద్దాయన:* నెల, వారం పేర్లు కనపడుతుంటే అది తేదీ అని వేరే చెప్పాలా బాబూ? ‘ఇవాళ’ అని రాయించు.

*నా జవాబు:* రాయించానండీ. "ఇవాళ జూన్ 5, గురువారం" లాగా వస్తోంది. చదివితే మా అమ్మ చెప్పినట్టే ఉంది.