చిన్న ఔట్‌బోర్డ్ మోటారుతో రెండు బ్యాటరీలు ఛార్జ్ అవుతాయా?

మా నాన్న కాకినాడ దగ్గర ఫైబర్ బోటు మీద వేటకెళ్తారు. బోటు వెనక బయట బిగించే, సెల్ఫ్ ఉన్న చిన్న ఔట్‌బోర్డ్ మోటారు, 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే. రాత్రి వల వేసి మోటారు ఆపాక లైట్లు, జీపీఎస్, వైర్‌లెస్ అన్నీ దాని మీదే. తెల్లారి తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంటుంది, జీపీఎస్ తెర ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. భుజం నొప్పితోనే తాడు లాగి స్టార్ట్ చేస్తున్నారు. ఒడ్డు కనపడనంత దూరంలో అలా ఆగిపోతే ఏంటని ఇంట్లో అందరికీ టెన్షన్.

రెండో బ్యాటరీ పెట్టి, పాతదాన్ని స్టార్టింగ్‌కే ఉంచాలని ఆలోచన. మెకానిక్ 1-2-బోత్ స్విచ్ (ఒకటోదో, రెండోదో, రెండూ కలిపో వాడేలా చేత్తో తిప్పేది) చాలన్నాడు. చవకే, కానీ బోత్‌లో ఉండిపోతే రెండూ కలిసి దిగిపోతాయి కదా. వోల్టేజీ చూసి తనే కలిపే వీఎస్ఆర్ రిలే నయమనిపిస్తోంది. స్టార్టింగ్ బ్యాటరీ సుమారు 13.3 వోల్టులు దాటాక రెండోదాన్ని కలిపి, 12.8కి పడితే విడదీస్తుందట.

నా అనుమానమల్లా మోటారు మీదే. ఛార్జింగ్ ఫుల్ స్పీడులోనే 6 ఆంపియర్లు, ఐడిల్‌లో ఇంకా తక్కువ. ఖాళీ బ్యాటరీ కలవగానే వోల్టేజీ పడిపోయి రిలే మాటిమాటికీ కలుస్తూ విడిపోతూ కొట్టుకోదా? రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే డీసీ-డీసీ ఛార్జర్ (మోటారు వైపు కరెంటును ఆ బ్యాటరీకి సరిపడే వోల్టేజీకి మార్చి ఎక్కించేది) తప్పనిసరా? లేక దానికి విడిగా 50 వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టేయడమే మేలా?

ఉప్పునీళ్లకి టెర్మినల్స్ పచ్చగా పొడి పట్టేస్తున్నాయి, దానికి ఏం పూస్తారో కూడా చెప్పండి. బోట్లలో ఈ పని స్వయంగా చేసినవాళ్లు ఫ్యూజు ఎంతది, ఎక్కడ వేశారో రాస్తే చాలా మేలు.