అప్‌డేట్: నాన్నగారి జున్నుపాల క్యాప్సూల్స్ ఆపేశాం

పర్లాకిమిడిలో ఉండే మా నాన్నగారికి మాటిమాటికీ జలుబు చేస్తోందని తెలిసినాయన ఒకరు జున్నుపాల క్యాప్సూల్స్ అంటగట్టారని, అవి నిజంగా పనిచేస్తాయా అని పోయిన నెల అడిగాను.

సీసా తిప్పి చూస్తే అక్కడే తేలిపోయింది. ఒక్కోటి 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండు. అంటే ఒక్క గ్రాము. జలుబు లక్షణాలు కాస్త తగ్గాయన్న పరిశోధనలు చిన్నవి, అవీ ఎక్కువగా కఠినంగా సాధన చేసే క్రీడాకారుల మీద చేసినవి. చాలావాటిలో ఇచ్చింది రోజుకు 10 నుంచి 20 గ్రాముల పొడి! ఇంట్లో కూర్చుని పేపరు చదివే మనిషికి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది?

"ఆవు యాంటీబాడీలు నేరుగా రక్తంలోకి వెళ్తాయి" అన్నాడాయన. అది దూడ సంగతి, అదీ పుట్టిన మొదటి రోజు మాటే. పెద్దవాళ్లలో అవి చాలావరకు పేగుల్లోనే అరిగిపోతాయి. పేగు పొరకు కొంత మేలు చేస్తాయేమో అనడానికి మాత్రం చిన్నపాటి ఆధారాలున్నాయి.

మిగిలినవి పరుగు పందేలకు వెళ్లే మా తమ్ముడు అడిగాడు. ఇవ్వలేదు. క్రీడల్లో డోపింగ్‌ను అడ్డుకునే ప్రపంచ సంస్థ వాడా (WADA) వీటిని నిషేధించలేదు గానీ, వీటిలో ఐజీఎఫ్-1 అనే, క్రీడాకారులకు నిషేధించిన పెరుగుదల హార్మోను ఉంటుంది కాబట్టి తీసుకోవద్దనే చెబుతుంది.

నిన్న పాలావిడ జున్నుపాలు తెచ్చింది. అమ్మ బెల్లం, మిరియాలపొడి కలిపి ఆవిరి మీద ఉడికించింది. నాన్నగారు గిన్నె అడుగున అంటుకున్నది కూడా గోకి తిన్నారు. జలుబు అలాగే ఉంది.