యూనివర్సిటీ మారాలన్నా, మధ్యలో మానేయాలన్నా ముందు ఎవరికి చెప్పాలి?

టెక్కలి అన్న:
మా తమ్ముడు మొన్న ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా వెళ్లాడు. కోర్సు వాడు అనుకున్నట్టు లేదంట, ఫీజు చూస్తే రెండో సెమిస్టర్‌కి మా వల్ల అయ్యేలా లేదు. రాత్రి ఫోన్ చేసి "రేపట్నుంచి క్లాసులకి వెళ్లను అన్నా, వేరే యూనివర్సిటీ చూసుకుంటాను" అన్నాడు. నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీశారు, ఇంట్లో అందరికీ టెన్షన్. మధ్యలో మానేస్తే ఏటవుతుంది? మారాలంటే దారి ఏది? మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లినవాళ్లు చెప్పండి.

రాజాం కుర్రాడు:
అన్నా, ముందు తమ్ముడికి ఫోన్ చేసి క్లాసులు మానొద్దని చెప్పండి, మిగతావన్నీ తర్వాత. పోర్టల్‌లోకి వెళ్లి తనంతట తాను సబ్జెక్టులు డ్రాప్ చేయకూడదు కూడా. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ అని ఒక అధికారి ఉంటారు, ఎఫ్-1 అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల సెవిస్ రికార్డు (అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే ఆన్‌లైన్ రికార్డు) వాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లకి చెప్పకుండా మానేస్తే రికార్డు టెర్మినేట్ అవుతుంది, ఆ తర్వాత అక్కడ ఉండటానికి ఒక్క రోజు కూడా గడువు ఇవ్వరు. ముందే చెప్పి అనుమతితో విత్‌డ్రా అయితే దేశం వదలడానికి 15 రోజులు ఉంటుంది. అందరూ చెప్పుకునే 60 రోజులు కోర్సు పూర్తి చేసినవాళ్లకి, మధ్యలో ఆపినవాళ్లకి కాదు. 2025 మేలో ఇండియాలోని అమెరికా ఎంబసీ కూడా ఇదే చెప్పింది, చెప్పకుండా కాలేజీ వదిలేస్తే వీసా రద్దు కావచ్చని.

నేను ఒక సెమిస్టర్ అయ్యాక మారాను, నాకు జరిగినది చెప్తాను. ముందు కొత్త చోట అడ్మిషన్ తెచ్చుకున్నాను. ఆ లెటర్ పాత డీఎస్ఓకి ఇచ్చి ట్రాన్స్‌ఫర్ ఫారం నింపితే రిలీజ్ డేట్, అంటే సెవిస్ రికార్డు కొత్త యూనివర్సిటీకి వెళ్లిపోయే తేదీ, ఏది పెట్టమంటావని అడిగారు. అసలు కీలకం ఆ తేదీయే అన్నా. అది వచ్చేదాకా రికార్డు పాతవాళ్ల దగ్గర ఉంటుంది, మనసు మారితే ఆపించుకోవచ్చు. తేదీ దాటిందా, ఇక పాతవాళ్లు చేసేదేమీ లేదు. క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ పని ఉంటే అది కూడా ఆ రోజుతో ఆగిపోతుంది. అందుకే నేను పరీక్షలు రాసి, గ్రేడ్లు వచ్చాక ఉండేలా పెట్టించుకున్నాను. కొత్త చోట క్లాసులు మాత్రం రిలీజ్ నుంచి 5 నెలల లోపు మొదలవ్వాలి, ఈలోపే ముందు సెమిస్టర్ ఉంటే అందులోనే చేరాలి. కొత్త ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం) వస్తుంది కానీ పైన ఎడమ పక్క ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబర్ పాతదే, అందుకని 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు. పాస్‌పోర్టులో వీసా మీద పాత యూనివర్సిటీ పేరే ఉంటుంది, గడువు ఉన్నంతకాలం చెల్లుతుంది, దానికి భయపడొద్దు.

బొబ్బిలి మాస్టారు:
బాబూ, బ్యాంకు సంగతి నేను చెప్తాను, మా అమ్మాయి మారినప్పుడు బ్రాంచి చుట్టూ తిరిగింది నేనే. లోన్ శాంక్షన్ ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు పేరు మీద అయి ఉంటుంది. కొత్త అడ్మిషన్ లెటర్ రాగానే బ్రాంచికి రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి, తర్వాత కొత్త ఐ-20, ఫీజు వివరాల కాగితం ఇవ్వండి. మా బ్రాంచి మేనేజర్ మంచివారే, కానీ ఫైలు పైఆఫీసుకి వెళ్లి రావాలి, ఈలోపు అక్కడ ఫీజు గడువు దగ్గరకొచ్చి పిల్ల ఏడుపు. కాబట్టి రిలీజ్ డేట్ పెట్టించుకునే ముందే బ్యాంకులో మాట్లాడండి. రిఫండ్ తేదీలు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, సెమిస్టర్ మొదట్లో ఎక్కువ వస్తుంది, వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది. మొత్తానికి మానేసి వచ్చేస్తే కిస్తీలు ఎప్పట్నుంచో కూడా అడిగి పెట్టుకోండి. నాన్నగారిని వెంట తీసుకెళ్లండి, సంతకం ఆయనది కదా.

చీపురుపల్లి అమ్మాయి:
వేరే దేశాల్లో ఉన్నవాళ్లు ఇది చదివి అదే అనుకోకండి. నేను యూకేలో ఉన్నాను. ఇక్కడ మానేస్తే యూనివర్సిటీ హోం ఆఫీసుకి, అంటే వీసాలు చూసే ప్రభుత్వ శాఖకి, రిపోర్టు చేస్తుంది, వీసా గడువు తగ్గించేస్తారు, మామూలుగా 60 రోజులు ఇస్తారు. వేరే యూనివర్సిటీకి మారాలంటే కొత్త క్యాస్ (సీటు ఖాయమని వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చేది) తీసుకుని వీసాకి మళ్లీ అప్లై చేయాలి. కెనడాలో 2024 నవంబర్ 8 నుంచి కాలేజీ మారితే కొత్త స్టడీ పర్మిట్ కావాలి. ఆస్ట్రేలియాలో మెయిన్ కోర్సు మొదటి 6 నెలల్లో మారాలంటే పాత కాలేజీ వదలడానికి ఒప్పుకోవాలి.

పలాస బావ:
ఒక విషయం గట్టిగా చెప్తున్నాను. వాడు మారదామనుకుంటున్నాడని తెలిస్తే చాలు, తక్కువ ఫీజు, మొదటి రోజు నుంచే ఉద్యోగం, క్లాసులకి రానక్కర్లేదు అని ఫోన్లు మొదలవుతాయి. క్లాసు లేని చదువు ఎక్కడుంటుంది చెప్పండి? 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని మిషిగన్‌లో బయటపడింది గుర్తుందా, అది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన నకిలీ యూనివర్సిటీ, అరెస్టయినవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతోమంది. చేరే ముందు స్టడీ ఇన్ ద స్టేట్స్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్కూల్ సెర్చ్ చేయమనండి, అక్కడే చదువుతున్న సీనియర్లతో కూడా మాట్లాడమనండి.

టెక్కలి అన్న:
అందరికీ నమస్కారం. తమ్ముడు ఈ రోజు క్లాసుకి వెళ్లాడు, మంగళవారం డీఎస్ఓ అపాయింట్‌మెంట్ దొరికింది. ఇంకో సంగతి, వాడికి అక్కడ నిద్ర పట్టడం లేదంట, తిండి కూడా సరిగ్గా తినడం లేదు. డిసెంబర్‌లో ఇంటికి వచ్చి వెళ్లొచ్చా?

రాజాం కుర్రాడు:
రావచ్చు అన్నా. రిలీజ్ డేట్ దాటాక తిరిగి వెళ్లేటప్పుడు కొత్త యూనివర్సిటీ ఐ-20 మీదే వెళ్లాలి, పాతది చూపిస్తే కుదరదు. నిద్ర, తిండి సంగతి మాత్రం మంగళవారం డీఎస్ఓకి తప్పకుండా చెప్పమనండి. అక్కడి డాక్టర్ లెటర్ ఉంటే సబ్జెక్టులు తగ్గించుకోవడానికి, లేదా ఆ సెమిస్టర్ వరకు పూర్తిగా ఆపుకోవడానికి అనుమతి ఇస్తారు, స్టేటస్ పోదు. యూనివర్సిటీలో కౌన్సెలర్లు ఉంటారు, వాళ్ల దగ్గరికి ఈ రోజే వెళ్లమనండి. నా నంబర్ మీకు మెసేజ్ పెట్టాను, వాడిని ఏ టైమ్‌లోనైనా ఫోన్ చేయమనండి.