రాత్రిపూట పొలానికి పోయే నాన్న, పాముల భయం: ఏమేం సిద్ధంగా ఉంచుకోవాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్న రాత్రిళ్లు మోటరు పెట్టడానికి ఒక్కడే పోతాడు, చాలాసార్లు చెప్పులు కూడా వేసుకోడు. మొన్న స్టార్టర్ డబ్బా కింద కట్లపాము కనిపించినప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. ఏం చేయాలె?

పాలమూరు రైతుబిడ్డ: టార్చి, గంబూట్లు, చేతికర్ర. కర్ర పామును కొట్టడానికి కాదు, నేల మీద తట్టుకుంటూ నడవడానికి. డబ్బా చుట్టూ గడ్డి, రాళ్ల కుప్ప ఉంటే రేపే తీసేయండి.

మిర్యాలగూడ నర్సు: కట్లపాము కాటుకు చాలాసార్లు నొప్పి, వాపు ఉండవు, చీమ కుట్టిందేమో అనుకుని పడుకుంటారు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి ఊపిరి అందదు, అందుకే అనుమానం వచ్చినా సరే 108కి ఫోన్ చేయాలి. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి తీసుకుపోండి. ఇంట్లో నేల మీద పడుకుంటుంటే మంచం, దోమతెర వాడండి.

అడిగినవారు: థాంక్స్ అక్కా. మా ఊళ్లో మంత్రం వేసే పెద్దాయన ఉన్నాడు, నాన్న ముందు అక్కడికే అంటాడు.

పాలమూరు రైతుబిడ్డ: మంత్రం తర్వాత వేయించుకోమనండి, ముందు సూది పడాలి! విరుగుడు మందు ఏ సర్కారు దవాఖానలో ఉంటుందో ఇప్పుడే కనుక్కోండి, ఆటో ఉన్న పక్కింటాయన నంబరు నాన్న ఫోన్‌లో వేసిపెట్టండి.