చిక్కుముడి వేస్తే తెలివైన షో అయిపోతుందా?

రెండో ఆట:

ఈ మధ్య ఎవరిని అడిగినా ఒకటే మాట. "బుర్ర పెట్టి చూడాల్సిన షో కావాలా, డార్క్ చూడు." నాకు ఈ మాటతో పేచీ ఉంది. డార్క్ (మనుషులు కాలంలో ముందుకీ వెనక్కీ వెళ్లే జర్మన్ సిరీస్) బాగోలేదని కాదు, 3 సీజన్లు, 26 ఎపిసోడ్‌లు నేనూ ఆసక్తిగానే చూశాను. కానీ ఎంత అర్థం కాకపోతే అంత గొప్ప అనే లెక్క ఒకటి మనలో పాతుకుపోతోంది. అది నాకు నచ్చడం లేదు.

ముడి విప్పాక మిగిలేది విప్పామన్న సంబరం ఒక్కటే అయితే అది గళ్లనుడికట్టుతో సమానం. ఆదివారం నింపేసిన గళ్లనుడిని సోమవారం ఎవరూ తీసి చూడరు. మొదటిసారి కంటే రెండోసారి చూసినప్పుడు ఎక్కువ దొరికితే దాన్ని తెలివైన షో అంటాను నేను. కాదంటారా?

పాలపిట్ట:

కాదనే అంటాను. డార్క్‌ని గళ్లనుడితో పోల్చడం అన్యాయమండీ. (చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి, కథ చెప్పేస్తున్నాను.) చూస్తున్నప్పుడు మా పాప రఫ్ నోట్సు వెనక పేజీలో వంశవృక్షం గీసుకున్నాను. మూడు నిలువు గీతలు: 1953, 1986, 2019. ఒక్కోదానికీ మధ్య 33 ఏళ్లు. 2019 గీత కింద మిక్కెల్ అని రాశాను, పదకొండేళ్ల పిల్లవాడు, గుహ దగ్గర మాయమైపోయాడు. తర్వాత అదే పేరు 1986 కింద కూడా రాయాల్సి వచ్చింది. అక్కడి నుంచి బాణం గుర్తు గీసుకుంటూ వస్తే వాడు పెరిగి పెద్దవాడై, కథానాయకుడు జోనాస్‌కి తండ్రి అయ్యాడు. పెన్ను అలా చేతిలోనే ఉండిపోయింది. నాకు సంబరం కలగలేదండీ, కడుపులో దేవినట్టయింది. ఆ పిల్లవాడు అదే ఊళ్లో, కన్నతల్లి కళ్ల ముందే ఇంకెవరిగానో బతికాడు. ఆ గీతలు గీసుకోకపోతే నాకు ఆ బాధ అంతగా తెలిసేది కాదు.

అయినా మనకి ఇదేమైనా కొత్తా? వింటే భారతం వినాలి అన్నవాళ్లం. ఎవరు ఎవరికి మేనమామో, ఎవరికి పినతండ్రో చిన్నప్పుడే నోటికి వచ్చేది.

నైట్ డ్యూటీ:

మీ ఇద్దరూ ఒక సంగతి మర్చిపోతున్నారు. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, ఫోన్ పప్పుడబ్బాకి ఆనించి చూస్తాను నేను. కుక్కర్ విజిల్‌కి ఒక డైలాగ్ పోతుంది, పోపు చిటపటకి ఇంకొకటి. మీ షోలో ఆ రెండు ముక్కలే ముఖ్యం అంటారు.

టీవీ సీరియల్‌లో ఒకే మాటని ముగ్గురి మొహాల మీద తిప్పి తిప్పి చూపిస్తారని అందరూ నవ్వుతారు. చేతిలో పని ఉన్నవాళ్లు కూడా కథ అందుకోవాలని అలా తీస్తారు, అది గ్రహించండి. సీరియల్ చూసేవాళ్లకి బుర్ర లేదన్నట్టు మాట్లాడితే నాకు కోపం వస్తుంది. ఇంకోటి, "మొదటి నాలుగు ఎపిసోడ్‌లు ఓర్చుకో, తర్వాత అద్భుతం" అంటారు. నాలుగు గంటలు! వారానికి ఒక్క సెలవున్న మనిషిని అడగాల్సిన మాటేనా అది?

కాకినాడ కాజా:

బ్రేకింగ్ బ్యాడ్ మాట ఎందుకు రాలేదు ఇంకా? డ్రగ్స్ తయారీలోకి దిగిన కెమిస్ట్రీ మాష్టారు వాల్టర్ కథ. రెండో సీజన్‌లో కొన్ని ఎపిసోడ్‌లు నలుపు తెలుపులో మొదలవుతాయి. ఈత కొలనులో సగం కాలిన గులాబీ రంగు టెడ్డీబేర్, ఒక కన్ను లేదు. ఆ నాలుగు ఎపిసోడ్‌ల పేర్లు వరసగా చదవండి: సెవెన్ థర్టీ సెవెన్, డౌన్, ఓవర్, ఏబీక్యూ. ఏబీక్యూ అంటే ఆల్బకర్కీ, కథ జరిగే ఊరు. ఆ ఊరి మీద 737 విమానం కూలింది అని సీజన్ చివర జరగబోయేది ముందే చెప్పేశారు! శ్రద్ధగా చూసేవాడికి దక్కే బహుమతి అంటే ఇదీ.

రెండో ఆట:

కాజా గారూ, ఆ పేర్ల సంగతి తెలిసినప్పుడు నేనూ లేచి కూర్చున్నాను. కానీ ఆ పేర్లు కలపకపోయినా ఆ సీజన్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు. అసలు బరువు ఇంకోచోట ఉంది. ఒక అమ్మాయి ఊపిరాడక చనిపోతుంటే వాల్టర్ మంచం పక్కన నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. ఆమె తండ్రి విమానాలకి దారి చెప్పే ఉద్యోగి. ఆ దుఃఖంతోనే డ్యూటీకి వెళ్లాడు, ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకున్నాయి. కొలనులో బొమ్మ అలా వచ్చి పడింది. రెండోసారి చూస్తే ఆ బొమ్మ కనపడినప్పుడల్లా వాల్టర్ కదపని ఆ చెయ్యి గుర్తొస్తుంది. నేను వెతికేది దాన్ని.

నైట్ డ్యూటీ గారూ, మీ మాటలో సగం పూర్తిగా ఒప్పుకుంటాను. నాలుగు ఎపిసోడ్‌లు ఓర్చుకో అనడం తప్పు. మంచి షో తనని ఎలా చూడాలో మొదటి సీన్‌లోనే నేర్పేస్తుంది. ది వైర్ తీసుకోండి. అమెరికాలోని బాల్టిమోర్‌లో పోలీసులూ డ్రగ్స్ ముఠాల కథ, 2002 నుంచి 2008 దాకా, 5 సీజన్లు, 60 ఎపిసోడ్‌లు. తీసిన డేవిడ్ సైమన్ ఆ ఊరి పత్రికలో క్రైమ్ రిపోర్టర్‌గా చేశాడు. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ అక్కడే పోలీసు డిటెక్టివ్, ఆ తర్వాత బడిపంతులు. మొదటి సీన్‌లో రోడ్డు మీద ఒక కుర్రాడి శవం ఉంటుంది. వాడు ప్రతి శుక్రవారం పాచికలాటలో పందెం డబ్బు ఎత్తుకుని పారిపోయేవాడట. పట్టుకుని నాలుగు తగిలించి వదిలేసేవాళ్లట. మరి అలాంటివాణ్ని ఆటలోకి ఎందుకు రానిచ్చారని డిటెక్టివ్ అడుగుతాడు. ఆడనివ్వాల్సిందే, ఇది అమెరికా కదా అంటాడు సాక్షి. షో మొత్తం ఎవరి గురించో, ఎలాంటి ఊరి గురించో అక్కడే అర్థమైపోతుంది. ఓర్చుకునేది ఏమీ లేదు.

ఆ షోలోనూ ఒక చిక్కుముడి ఉంది. డ్రగ్స్ అమ్మే కుర్రాళ్లు పేజర్‌లో పంపే నెంబర్లకి ఫోన్ చేస్తే ఎవరో సంబంధం లేనివాళ్లు ఎత్తుతారు. ప్రెజ్ అనే పోలీసు కుర్చీలో కూర్చుని దాన్ని విప్పుతాడు. ఫోన్ మీద 5 నడిమధ్యన ఉంటుంది కదా, దాని మీదుగా అవతలికి దూకాలి. 1 నొక్కాలంటే 9, 2కి 8, 3కి 7, 4కి 6. 5, 0 ఒకదాని చోట ఒకటి. ఇంతే! చదువు సరిగా సాగని కుర్రాళ్లకి కూడా గుర్తుండేంత తేలిక. షో దీన్ని దాచిపెట్టి మనల్ని ఊరించదు, వెంటనే చెప్పేస్తుంది.

అంతకుముందు ఈ ప్రెజ్ ఏం చేశాడు? ఒక రాత్రి తాగి, పేదల కాలనీలో ఒక పిల్లవాణ్ని తుపాకీ మడమతో కొట్టాడు. పిల్లవాడికి కన్ను పోయింది. అందుకే వీధిలోకి పంపకుండా కుర్చీలో కూర్చోబెట్టారు. నాలుగో సీజన్‌కి వచ్చేసరికి అతనే బడిలో లెక్కల మాష్టారు. పిల్లలు మాట వినకపోతే పాచికలు తెచ్చి, వాటితో సంభావ్యత చెప్తాడు. వాళ్లదీ, కన్ను పోయినవాడిదీ దాదాపు ఒకటే ఈడు. మొదటిసారి ఈ క్లాస్‌రూమ్ సీన్లు నాకు మామూలుగానే అనిపించాయి. రెండోసారి ఆ పాచికలు బల్ల మీద దొర్లుతుంటే మొదటి సీన్‌లోని శవమూ, ఆ కన్నూ రెండూ గుర్తొచ్చాయి. కాసేపు ఆపేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను.

ఒక మాట తెలుగు ప్రేక్షకుడి గురించి కూడా చెప్పాలి. మనవాళ్లకి ఓపిక లేదు, అన్నీ విప్పి చెప్పాలి అంటారు. రాయబారం నాటకానికి తెల్లవార్లూ కూర్చుని, కథ అణువణువూ తెలిసి, ఒక్క పద్యం కోసం వన్స్ మోర్ అని అరిచినవాళ్లం మనం. వాళ్లు తర్వాత ఏమవుతుందో తెలుసుకుందామని రాలేదు.

పాలపిట్ట:

వన్స్ మోర్ మాట మా తాతగారిని గుర్తుచేసింది, ఆ విషయంలో మీతోనే ఉన్నాను. కానీ మీ పరీక్షలో డార్క్ నెగ్గుతుందనే నా వాదన. మిక్కెల్ తండ్రి ఉల్రిక్ తన కొడుకు కోసం 1953లోకి వెళ్లి, ముందుముందు తప్పు చేస్తాడని ఒక చిన్నపిల్లవాణ్ని రాయితో కొడతాడు. రెండోసారి చూడండి, ఆ పిల్లవాడి చెవి దగ్గరున్న మచ్చని, వాడు ముసలివాడైనప్పటి సీన్లలో మనకి ముందే చూపించేసి ఉంటారు. చిక్కుముడి, మనిషి బాధ ఇక్కడ రెండు వేరు వేరు కాదు. మీరు విడదీస్తున్నారు, పేచీ అక్కడే.

రెండో ఆట:

ఆ సీన్ వరకు ఒప్పుకుంటాను. మూడో సీజన్‌లో ఇంకో ప్రపంచం తెచ్చి కలిపాక మనుషులు పలచబడిపోయారు, అది మాత్రం వెనక్కి తీసుకోను.

నైట్ డ్యూటీ:

సరే, కూర్చునే చూస్తాను అనుకోండి. ఇంగ్లీషూ జర్మనూ కాకుండా, 60 ఎపిసోడ్‌లు కాకుండా, దేనితో మొదలుపెట్టమంటారు?

పాలపిట్ట:

హిందీ వస్తే పాతాళ్ లోక్ మొదటి సీజన్, 2020లో వచ్చింది. 9 ఎపిసోడ్‌లే. హాథీరామ్ చౌదరి అనే ఢిల్లీ ఇన్‌స్పెక్టర్, ఎవరూ లెక్కచెయ్యని మనిషి, ఒక పెద్ద కేసు చేతిలో పడుతుంది. హింస ఎక్కువ, పిల్లలు పక్కన లేనప్పుడు చూడండి. ఒక్క మాట: కుక్కలు కనిపించిన చోటల్లా కళ్లు పక్కకి తిప్పకండి.

రెండో ఆట:

నేనూ అదే చెప్పబోయాను. ఈసారి పేచీ లేదు.

నైట్ డ్యూటీ:

మూడు రోజుల్లో ఐదు ఎపిసోడ్‌లు అయ్యాయి. అన్నం వండటం అయ్యాకే పెట్టుకున్నాను. హాథీరామ్‌కీ కొడుక్కీ మధ్య గొడవలు చూస్తుంటే మా ఇంట్లో నాన్నా తమ్ముడూ గుర్తొచ్చారు. కుక్కల సంగతి ఇంకా తెలియలేదు. ఎవరూ చెప్పొద్దు.