ఒకే సామానుతో బోలెడు ఆటలు: రూల్స్‌లో ‘రంగు’ అందామా, ‘గుర్తు’ అందామా?

ఒక్క సెట్టుతోనే రకరకాల ఆటలు ఆడుకునేలా ఒక కిట్టు తయారుచేస్తున్నాం, రూల్స్ తెలుగులో రాస్తుంటే ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది. పేకలో ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను వీటిని ‘రంగు’ అనే అంటాం కదా, "అదే రంగు వెయ్యి" అంటే ఎర్రది ఏదో ఒకటి వెయ్యమని కాదు, ఆఠీనుకి ఆఠీనే పడాలి, పేకాడేవాళ్లకి ఇందులో డౌటే రాదు. మా కిట్టులో మాత్రం వస్తోంది, ఎందుకంటే ఒక ఆటలో రంగంటే ఏ పావులు ఎవరివో చెప్పేది, ఇంకో ఆటలో పేకలో లాంటి రంగు, రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కన. ఏం చెయ్యమంటారు?

జవాబు: ‘గుర్తు’ అనండి. జేమ్స్ కైల్ చేసిన పీస్‌ప్యాక్ చూశారా, అదీ మీ కిట్టులాగే ఒకే సామానుతో బోలెడు ఆటలు ఆడే సెట్టు, అందులో 24 పలకలు, 24 బిళ్లలు, 4 పాచికలు, 4 పావులు, అంతే. బిళ్లకి ఒకవైపు సూర్యుడో చంద్రుడో కిరీటమో ఉంటుంది, రెండోవైపు అంకె. "రంగు పైకి ఉండేలా పెట్టండి" అని రాస్తే ఎవడికి అర్థమవుతుంది? గుర్తు పైకి, అంకె కిందికి అంటే ఇంక అడిగే పని లేదు, పైగా ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు కూడా ఆడతారు.

జవాబు: ఒప్పుకుంటా గానీ నాకు ‘రంగు’ వదులుకోవాలని లేదు, నోట్లో నానిన మాట. పేక వరకు ఓకే.

జవాబు: అసలు గొడవ రంగు ఒక్కదానితో పోదు. చాలా ఆటలకి పనికొచ్చే సెట్టులో వస్తువుకి దాని ఆకారాన్ని బట్టి పేరు పెట్టాలి, చేసే పనిని బట్టి కాదు. పైన ‘బిళ్ల’ అన్నారు చూడండి, అది కరెక్ట్. ‘నాణెం’ అన్నారనుకోండి, యుద్ధం ఆటలో అదే సిపాయి అయినప్పుడు "నాణెం నాణేన్ని చంపింది" అని రాసుకోవాలి. పలకలు కూడా అంతే, వెనకవైపు ఒక్కోదానికి 4 గళ్లు ఉంటాయి, 16 పేరిస్తే 64 గళ్లు, చదరంగం బల్ల రెడీ, తిప్పేస్తే అవే పేకముక్కల్లాగా పంచుకోవచ్చు. దాన్ని ‘గడి’ అనో ‘నేల’ అనో అంటే రెండో ఆటకి ఇరుక్కుపోతారు. తురుఫు, రాజు, కోట ఇలాంటివి ఏ ఆట రూల్స్‌లో వస్తే ఆ ఆటలోనే చెప్పుకోండి, ముందు పేజీల్లో వద్దు.

జవాబు: ‘ముక్క’ ఇంకా బాగుంది కదండీ, పేకముక్క అంటాం, దాని పనేంటో ఆ మాట ఏం చెప్పదు, ఏ ఆటకైనా సరిపోతుంది 😀

మొదటి పోస్టు: బిళ్ల, పలక, గుర్తు ఖాయం చేసేశాం. ఇంకొక్కటి, అంకెల్లో మొదటిది ఖాళీగా ఉంటుంది, దాని తర్వాత ఆసు, 2, 3, 4, 5. ఆ మొదటిదాన్ని ‘సున్నా’ అందామంటే కుదరట్లేదు, కొన్ని ఆటల్లో అన్నిటికన్నా పెద్దది అదే, ‘ఖాళీ’ అంటే సరిపోతుందా?